మూడు చేతుల లేసు

జూలై 11, మంగళవారం

దరఖాస్తు కాగితాలు వచ్చాయి. మద్రాసు నుంచి, తపాలా సంచీలో మడతలు పడి. నాలుగు. డిసెంబరు పరీక్షకు మా బడి నుంచి ఆడపిల్లలం నలుగురం — ఈ మాట మా మిషను బడి నడిపే దొరసాని గారు పొద్దుటి నుంచి మూడుసార్లు అన్నారు.

పేరు, తండ్రి పేరు, వయసు, మతం. ఇంగ్లీషు, తెలుగు, లెక్కలు, చరిత్ర — ఇవి అచ్చువేసే ఉన్నాయి, అందరికీ ఒకటే. అడుగున ఒక్క గీత ఖాళీ. ఐచ్ఛిక విషయం. కుట్టుపని గాని, దేహశాస్త్రం గాని. మా బడిలో చెప్పేవి ఆ రెండే.

బోర్డింగులో నా పక్క మంచం రూతు నిలబడే రాసేసింది. కుట్టుపని. నా కాగితం వైపు తొంగిచూసి — "ఏంటే అంత ఆలోచన, ఒక్క గీతే కదా..."

ఐచ్ఛికం. నోట్లో తిప్పుకుంటే ఎంత బాగుందో. వెనక పేజీలో రాసుకున్నాను.

జూలై 12

ఈ పుస్తకం పోయిన యేడు బహుమానంగా వచ్చింది. ముందు నుంచి రోజులు, వెనక నుంచి మాటలు. ఎక్కడో మధ్యలో రెండూ కలుస్తాయి. మాటలే ఎక్కువ పేజీలు తింటున్నాయి.

జూలై 13, గురువారం

దొరసాని గారు గదికి పిలిచారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

కుట్టుపని రాస్తే — మా ఊరికి రెండు మైళ్ళలో మిషను బడి, అక్కడ కుట్టు టీచరు చోటు ఖాళీ. పరీక్ష గట్టెక్కితే నాకే. అమ్మ చేతి అన్నం తిని పోయి రావచ్చు. దేహశాస్త్రం రాస్తే — మద్రాసులో ఆడవాళ్ళ ఆసుపత్రి, అక్కడ వైద్యం నేర్పుతారు. "పంపగలను అంటున్నాను కరుణా, పంపుతాను అనడం లేదు." ఆవిడ తెలుగు ఎప్పుడూ ఇలా తూచినట్టే ఉంటుంది.

"నీకు ఏది ఇష్టం?"

నాకు మాటలు ఇష్టం. గీత మీద రాయడానికి అది విషయం కాదు. కాగితం మడుచుకుని వచ్చేశాను.

సెప్టెంబరు ఆఖరి శనివారం దాకా గడువు. అంతదాకా రెండు పాఠాలకీ వెళ్ళమన్నారు. కుట్టుపనికి ఇంకొక షరతు — రెండు గజాల లేసు, స్వహస్తంతో అల్లి, సెప్టెంబరు మొదటి సోమవారానికి చూపించాలి.

జూలై 18, మంగళవారం

ఎముకల పటం గోడకెక్కింది. మనిషి నిలువెత్తు. రూతు దానికి "పెళ్ళికొడుకు" అని పేరు పెట్టింది.

తెలుగు పంతులు గారు ఆ గదిలోనే పాఠం చెప్పాలి. కుర్చీ తిప్పుకుని, పటానికి వీపు పెట్టి కూర్చున్నారు. ఇంటికెళ్ళి స్నానం చేస్తారట. పాఠం అయ్యాక అడిగాను — క్లావికిల్‌ని తెలుగులో ఏమంటారండి?

"ఎక్కడుంటుందది?"

"మెడ కిందండి. భుజానికి అడ్డంగా."

వెనక్కి తిరక్కుండానే — "జత్రువు." మళ్ళీ, "ఆ పక్కన చేతికి దిగే ఎముకో?" ఆయనే అడిగారు. మెడ తిప్పకుండా పటం అంతా చెప్పారు, పై నుంచి కింది దాకా. నేను రాసుకుంటూ పోయాను. మోకాలి దగ్గర ఆయన నవ్వారు. "దానికి సంస్కృతం ఎందుకు అమ్మాయ్? మోకాలిచిప్ప. అంతకంటే ఏం కావాలి?"

చిప్ప. నిజమే. కనుగుడ్డు, వెన్నుపూస, మోకాలిచిప్ప... ఒంటి నిండా ఇంట్లో సామాన్లే. పూస అంటే దండలో పూసే అనుకున్నాను ఇన్నాళ్ళూ. వీపు మీదికి చెయ్యి పెట్టి లెక్కపెడుతుంటే రూతు చూసి, "దయ్యం పట్టిందా?"

జూలై 22

లేసు మొదలుపెట్టాను. వరికంకి అల్లిక, నాలుగు వేళ్ళ వెడల్పు. మూరెడు అయింది. చేతులు అల్లుతుంటే నోరు వెన్నుపూసలు వల్లిస్తోంది.

ఆగస్టు 5, శనివారం

సెలవు, పది రోజులు. నరసాపురం కాలువ పడవ ఎక్కాం నాన్నా నేనూ. నన్ను తీసుకెళ్ళడానికే వచ్చారు — చుట్టుపక్కల ఊళ్ళలో వాక్యం చెప్పే ఉపదేశి పని నాలుగు రోజులు మానుకుని. గోదారిలో ఎర్ర నీళ్ళు. రైలు వంతెన స్తంభాల చుట్టూ నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఇంకో యేడాదిలో రైలు దాటుతుందట.

నాన్న వంతెన చూశారు, నన్ను చూశారు. "గీత నింపావా?"

"లేదు నాన్నా."

"ఊఁ."

విజ్జేశ్వరం లాకు దగ్గర పడవ ఆగింది. తలుపులు మూశారు, నీళ్ళు దిగాయి, మేమూ దిగాం. ఎన్నిసార్లు చూసినా ఆ దిగడం బాగుంటుంది.

ఆగస్టు 7, సోమవారం

ఇల్లు. అమ్మ, పెద్దమ్మ మార్తమ్మ, అరుగు, లేసు. పెదనాన్న పోయిన దగ్గర్నుంచి పెద్దమ్మ మాతోనే.

మా ఇంట్లో లేసు కిందపెట్టరు. మట్టినేల, నూలు తెల్లది — అంటుకుంటే పోదు. గంజి వార్చడానికి ఒకరు లేస్తే, పక్కనున్నవాళ్ళు చెయ్యి చాపుతారు. దారం వేలి మీంచి వేలి మీదికి పోతుంది. మాట కూడా అక్కర్లేదు. ఒకరి కంకి సగంలో ఇంకొకరు అందుకుంటారు. పక్కింటావిడ నిప్పుకి వచ్చినా రెండు వరసలు అల్లిపోతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే.

పొద్దున నాన్నతో ప్రార్థనకు బయల్దేరుతూ నా లేసు అమ్మకిచ్చాను.

ఆగస్టు 9, బుధవారం

పెద్దమ్మకి ఎముకల పేర్లు చదివి వినిపించాను. జత్రువు అంటే ముఖం చిట్లించింది. నా చెయ్యి లాక్కుని తన భుజం ముందు పెట్టుకుంది. "ఇదేనా? కావడి ఎముకంటాం మేము. ఈడే కదా బరువు ఆనేది."

రాసుకున్నాను. జత్రువు పక్కనే.

తర్వాత తన నొప్పి సంగతి. ఆసుపత్రికి పోయిందట మొన్న. "డొక్కలో సలుపు బాబూ, మధ్య మధ్య పోటు అంటే, ఆ మందులిచ్చే అబ్బాయి కడుపునొప్పి అని రాసుకున్నాడే. కడుపు కాదు నాయనా అంటే వినడు. ఆ మందు తాగితే ఉన్న కడుపు పాడైంది." తనే నవ్వింది. అమ్మ నవ్వలేదు.

సలుపు, పోటు, తీపు, మంట, గుంజు, లాగు — అరుగు మీద కూర్చుని ఇద్దరూ చెబుతూ పోయారు. ఏది ఎక్కడ వస్తుందో, ఏ వేళకి వస్తుందో. తీపు కాళ్ళకే. సలుపు పుండుకీ, పంటికీ. ఒక పేజీ నిండిపోయింది. మా ఇంగ్లీషు పుస్తకంలో అన్నిటికీ ఒకటే మాట, పెయిన్.

ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. నొప్పుల పేర్లు రాసుకుంటూ సంతోషం ఏంటో.

ఆగస్టు 12, శనివారం

అమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా — "కుట్టు టీచరంటే గొడుగేసుకుని పోవచ్చు. సాయంత్రానికి ఇంటికొచ్చేత్తావు."

"అవునమ్మా."

"మద్రాసు ఎంత దూరం?"

తెలియదన్నాను. చేట రెండుసార్లు చెరిగింది.

ఆగస్టు 14

తిరుగు పడవ. లేసు దాదాపు రెండు గజాలూ అయిపోయింది. ఆఖరి మూర నేనే అల్లాను, పడవలో. మధ్యలోది అమ్మ కొంత, పెద్దమ్మ కొంత. నేను చదువుకుంటుంటే వాళ్ళు అందుకున్నారు. మడిచి పెట్టెలో పెట్టాను. సంచీలో అమ్మ పెట్టిన సున్నుండలు. రూతుకి రెండిస్తాను, అంతే.

ఆగస్టు 26

ఐచ్ఛికం. గీత ఇంకా ఖాళీ.

సెప్టెంబరు 4, సోమవారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

దొరసాని గారు లేసులు ఒక్కొక్కటే కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి చూశారు. రూతుది బాగుందన్నారు. నాది చూస్తూ చూస్తూ వేలు ఒకచోట ఆపారు. ఇంకొంచెం జరిపి మళ్ళీ ఆపారు.

"ఇది ఎందరి చేతి పని, కరుణా?"

"ముగ్గురిదండి."

అడిగారు, చెప్పాను. ఎన్ని గజాలంటే రెండండి అన్నట్టే. రూతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాకే తెలిసింది నేనేమన్నానో.

స్వహస్తంతో — ఆ మాట నేనే వెనక పేజీలో రాసుకున్నాను జూలైలో. స్వ అంటే తన, హస్తం అంటే చెయ్యి. అర్థం కూడా రాసుకున్నాను. లేసు దగ్గర ఆ మాట ఒక్కసారి గుర్తుకు రాలేదు. మా అరుగు మీద ఏ లేసుకైనా ఒకే ఒక్క చెయ్యి ఉంటుందని ఎవరైనా చెబితే కదా.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కూర్చోమన్నారు, ఈసారి కూర్చున్నాను. వేలితో చూపించారు. "ఇక్కడి దాకా నీది. ఇక్కడి నుంచి బిగువు. ఈ చెయ్యి ఎవరిది?"

"అమ్మదండి."

"చాలా మంచి చెయ్యి. ఇది వదులు?"

"పెద్దమ్మదండి. కళ్ళు సరిగా కనపడవు."

"నువ్వు మోసం చేయలేదని నాకు తెలుసు. కాని ఇది నీ పని అని నేను సంతకం పెట్టలేను."

సెప్టెంబరు 5

దారి చూపించారు. లేసు చివరి నుంచి విప్పుకుంటూ రావాలి — నాది, పెద్దమ్మది, అమ్మది — మొదటి మూర దగ్గర ఆగాలి. అక్కడి నుంచి మళ్ళీ నేనే అల్లాలి. దారం చెడదు. గడువు ఇరవై తొమ్మిదో తేదీ దాకా పొడిగించారు. అది వద్దంటే, దేహశాస్త్రం.

ఇంటికి ఉత్తరం రాశాను. నాన్న చదివి వినిపిస్తారు. ఏ మాట రాస్తే అమ్మకి తప్పు తనదనిపించదో తెలియక మూడు కాగితాలు చింపాను. ఇన్ని మాటలు పోగుచేశానే.

సెప్టెంబరు 9, శనివారం

పడవలో అల్లిన మూర విప్పాను. నాదే కదా, సులువు. దారం లాగితే కంకులు ఒకటొకటే రాలినట్టు పోతాయి. అల్లడానికి పడవ ప్రయాణమంతా, విప్పడానికి ప్రార్థన గంట కొట్టేలోపల.

రూతు ఉండచుట్టి పెట్టింది. "నీ దేహశాస్త్రం పెళ్ళికొడుకుని చేసేసుకో, ఈ బాధ ఉండదు." తర్వాత నెమ్మదిగా, "నేను కుట్టుపని ఎందుకు రాశానో తెలుసా? పటం వంక చూస్తే రాత్రి నిద్ర పట్టదు. అంతే. పెద్ద ఆలోచన ఏం కాదు."

ఇది నాకు ఇన్నాళ్ళు తెలియదు. తనకీ భయమే.

సెప్టెంబరు 16, శనివారం

నాన్న వచ్చారు. ఉపదేశుల నెలవారీ కూటం. వరండాలో కూర్చుని దరఖాస్తు తీసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, తండ్రి సంతకం అన్నచోట పెట్టేశారు.

"పైన ఖాళీ ఉంది నాన్నా."

"నీది నువ్వు రాసుకో. నాది నేను పెట్టాను."

అమ్మ సంగతి అడగలేకపోయాను. ఆయనే చెప్పారు. ఉత్తరం విని అమ్మ మూడు రోజులు లేసు ముట్టుకోలేదట. నాలుగో రోజు ఉన్నట్టుండి అడిగిందట — "దొరసానికి నా చెయ్యి అంత తెలిసిపోయిందా?"

"ఏడుస్తూనా?"

నాన్న ఆలోచించారు. "ఏడుపు కాదు. అలాగని నవ్వూ కాదు." ఇద్దరం ఆ మాట కోసం కాసేపు వెతికాం. దొరకలేదు.

వెళ్తూ వెళ్తూ — "ఇంకొకటి అడగమంది. మద్రాసు దాకా కాలువే ఉందటగా. ఎన్ని లాకులు అని."

సెప్టెంబరు 18

పెద్దమ్మది విప్పాను. వదులు కదా, గాలికి వచ్చేసినట్టు వచ్చింది. ఒకచోట కంకికి గింజ తక్కువ. కళ్ళు కనపడక తప్పింది. అక్కడ కాసేపు ఆగాను, మళ్ళీ లాగాను.

సెప్టెంబరు 20, బుధవారం

అమ్మది మొదలు.

మొదటి కంకి రాలేదు. ఎంత బిగువు. సూది మొన పెట్టి వదులు చేసి లాగాలి. వెలుతురులో పట్టుకుని చూస్తే నూలుతో పాటు అల్లుకుపోయి ఇంకేదో ఉంది. వెంట్రుక. బారుది. సగం నలుపు, సగం తెలుపు. వంగి అల్లుతుంటే జారిపడి ఉంటుంది, చూసుకోకుండా అల్లిక కొక్కెంతో లాగేసి ఉంటుంది. నాలుగు కంకుల దాకా పోయింది అది.

అమ్మ జుట్టు నెరిసింది. వారం రోజులు ఇంట్లో ఉన్నాను, చూడలేదు.

దారం లాగితే అది తెగుతుంది. లేసు మడిచి పెట్టేశాను.

సెప్టెంబరు 21

ఇవాళా విప్పలేదు.

సెప్టెంబరు 23, శనివారం

పంతులు గారికి నొప్పుల పేజీ కాగితం మీద ఎత్తి రాసి చూపించాను, పెద్దమ్మ సలుపు సంగతి కూడా చెప్పాను. కాగితం దూరంగా పట్టుకుని చదివారు. తీపు దగ్గర తల ఊపారు. "ఇది మా ఇంట్లోనూ అంటారు. రాసిపెట్టాలని ఎవరికీ తోచలేదు."

చదవడం అయ్యాక — "నీకు మాటలు కావాలా అమ్మాయ్, ఎముకలు కావాలా?"

"తెలియదండి. రెండూనేమో."

"మాటల కోసం వైద్యం చదివేవాళ్ళని నేను చూడలేదు."

"చదివితే తప్పాండి?"

"తప్పని నేనన్నానా?" కాగితం తిరిగి ఇచ్చారు. "తెలుగు పరీక్ష ఎలాగూ ఉంది నీకు. అది నిన్ను విడిచి పోదు. మిగతాది నన్నడగకు, నేను పటానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి."

గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఆ ముసలావిడ సలుపు తగ్గిందా?"

తెలియదు. నాన్న వచ్చినప్పుడు లాకుల గురించి విన్నాను, అమ్మ గురించి విన్నాను. పెద్దమ్మ డొక్క గురించి అడగనే లేదు. ఆవిడ నొప్పి పేరు మాత్రం చక్కగా రాసి పెట్టుకున్నాను.

సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తోంది.

సెప్టెంబరు 25

దేహశాస్త్రం పుస్తకంలో డొక్క భాగం చదివాను. ఈసారి మాటల కోసం కాదు. ఏది ఎందుకు సలుపుతుందో ఉంటుందేమోనని. లేదు. పేర్లు ఉన్నాయి, బొమ్మ ఉంది. ఎందుకో లేదు. అది ఇంకా పై తరగతుల్లో ఉంటుందన్నారు దొరసాని గారు.

అంటే మద్రాసులో.

సెప్టెంబరు 27, బుధవారం

గడువు రెండు రోజులు. ఇవాళే విప్పి, కూర్చుని అల్లినా రెండు గజాలు అవదు. లెక్కలు నాకు బాగానే వచ్చు. ఇరవయ్యో తేదీ నుంచి ఈ లెక్క తెలుసు, వేయలేదు.

సెప్టెంబరు 29, శుక్రవారం

పొద్దున బట్టలు ఉతుక్కోవడానికి రేవుకు వెళ్ళాం. నరసాపురం పడవ కట్టేసి ఉంది. పడవ నడిపే ఆయన్ని అడిగాను, మద్రాసు దాకా ఎన్ని లాకులు?

రూతు నా జడ లాగింది, ఊరుకోమని. ఆయన మాత్రం నవ్వలేదు. వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. విజ్జేశ్వరం... ఒక్కొక్క పేరూ చెప్పి ఒక్కొక్క వేలు. ఏలూరు దాటాడు. బెజవాడ దాకా వచ్చి ఆగాడు. వేళ్ళన్నీ విప్పేశాడు.

"ఆపైన మా పడవలు పోవమ్మా. కిష్ట దాటితే వేరే కాలువ, వేరే పడవ. ఉన్నాయి లాకులు. ఎన్నో నాకు తెలీదు."

ఇప్పుడు సాయంత్రం. గీత మీద రాశాను. దేహశాస్త్రం. పెన్సిలుతో. రేపు తొమ్మిదింటికి దొరసాని గారి ముందు సిరాతో దిద్దాలి, పది గంటల తపాలాకి వెళ్ళిపోతుంది.

కోరుకుని రాశానా, అమ్మది విప్పలేక రాశానా — తెలియడం లేదు. రెండూ ఒకే దారంలో ఉన్నాయి. ఇక్కడిదాకా ఇది, ఇక్కడి నుంచి అది అని వేలు పెట్టి చూపించమంటే చూపించలేను.

లేసు పెట్టె అడుగున. మొదట నాది మూరెడు, ఆ తర్వాత అమ్మది. అలాగే ఉంది.

అమ్మకి ఉత్తరం మొదలుపెట్టాను. పెద్దమ్మకి డొక్కలో ఎలా ఉందో ముందు అడిగాను. తర్వాత లాకులు. పడవ ఆయన చెప్పిన పేర్లు వరసగా, ఒక్కటి వదలకుండా. నాన్న చదువుతుంటే అమ్మ వేళ్ళు మడుచుకుంటుంది.

బెజవాడ దాకా రాశాను. కలం అక్కడ ఆగి ఉంది.